తుమ్మలపల్లె యురేనియం: వ్యర్థాల కొలను, చౌడు నేల, స్థానిక ప్రతిఘటన

వ్యాససంగ్రహం:

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం చుట్టూ రెండు దశాబ్దాలుగా వినిపిస్తున్న స్థానిక వ్యతిరేకతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ వ్యతిరేకతను రేడియేషన్ పట్ల అకారణ భయంగా కొట్టిపారేయడం సరికాదనీ, అది నీరు, నేల, సమాచార హక్కు అనే మూడు అంశాల మీద నిలిచిన హేతుబద్ధమైన అభ్యంతరమనీ వ్యాసకర్త వాదన. క్షార పద్ధతిలో యురేనియం శుద్ధి జరిగే తీరు, వ్యర్థాల కొలను నిర్మాణంపై తలెత్తిన వివాదం, నల్లగొండ, నల్లమల, కప్పట్రాళ్ల ఉద్యమాలతో పోలిక, 2025లో మారిన నిబంధనల ప్రభావం ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: తుమ్మలపల్లె, యురేనియం, అణువిద్యుత్తు, వ్యర్థాల కొలను, చౌడు, బహిరంగ విచారణ, రాయలసీమ, పాపఘ్ని.

1. ప్రస్తావన:

అణువిద్యుత్తు గురించి తెలుగులో జరిగే చర్చ ఎక్కువగా రియాక్టరు దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ పేరు అందరికీ తెలుసు. అక్కడ ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను ప్రతిపాదించారు. గుజరాత్‌లోని మీఠీ విర్ది ప్రజలు ఒప్పుకోకపోవడంతో ఆ రియాక్టర్లు 2016లో కొవ్వాడ వైపు మళ్లాయి. ఆ మరుసటి ఏడాదే, 2017 మార్చిలో, వెస్టింగ్‌హౌస్ సంస్థ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఇవన్నీ పత్రికల్లో వచ్చిన విషయాలే. అయితే రియాక్టరుకు ఇంధనం కావాలి, ఆ ఇంధనం ఏదో ఒక ఊరి కింది నుంచి రావాలి. దేశంలో జార్ఖండ్‌కు వెలుపల యురేనియం తవ్వకం, శుద్ధి పెద్ద ఎత్తున మొదలైన తొలి చోటు కడప జిల్లా. ఇక్కడ శుద్ధి అయిన పదార్థం హైదరాబాదులోని అణు ఇంధన సంస్థకు చేరి, భారజల రియాక్టర్లకు ఇంధనమవుతుంది. అణువిద్యుత్తు విస్తరణ అన్న మాటకు రాయలసీమలో అర్థం ఏమిటో తెలియాలంటే కొవ్వాడ కన్న ముందు తుమ్మలపల్లెను చూడాలి.

2011 జూలైలో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షులు శ్రీకుమార్ బెనర్జీ తుమ్మలపల్లె ప్రాంతంలో 49,000 టన్నుల యురేనియం నిక్షేపాలు నిర్ధారణ అయ్యాయనీ, అవి అంతకు మూడింతల దాకా పెరగవచ్చనీ ప్రకటించారు. ప్రపంచంలోనే అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి అన్న శీర్షికతో ఆ వార్త అన్ని పత్రికల్లోనూ వచ్చింది. దాని పక్కనే రావలసిన రెండో వాక్యం మాత్రం చాలా చోట్ల రాలేదు. ఈ ఖనిజం చాలా నాసిది. టన్ను రాతిలో అరకిలో యురేనియం కూడా ఉండదు. కెనడాలోని కొన్ని గనుల్లో దీనికి నూరింతల కన్న ఎక్కువ సాంద్రత గల రాయి దొరుకుతుంది. నాసి ఖనిజం అంటే ఖర్చు ఎక్కువ అన్నది ఒక్కటే అర్థం కాదు. ఒక కిలో యురేనియం కోసం ఊరికి దక్కే వ్యర్థం కూడా ఎక్కువ. తుమ్మలపల్లె వివాదమంతా ఈ నిష్పత్తిలోనే ఉంది.

2. రాయి, క్షారం, మిగులు:

తుమ్మలపల్లె యురేనియం కడప మహాసముదాయంలోని పాపఘ్ని వర్గానికి చెందిన వేంపల్లె శిలాక్రమంలో, డోలమైటు సున్నపురాతిలో ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడలో ఖనిజాన్ని గంధకామ్లంతో కరిగిస్తారు. సున్నపురాతి మీద ఆమ్లం పోస్తే యురేనియం కన్న ముందు రాయే ఆమ్లాన్ని తాగేస్తుంది. అందువల్లనే ఈ నిక్షేపం గురించి తెలిసిన తరువాత కూడా చాలాకాలం దాన్ని ముట్టుకోలేదు. చివరికి క్షార పద్ధతిని ఎంచుకున్నారు. రాతిని మెత్తగా పొడిచేసి, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో, అధిక పీడనం, వేడి, ఆక్సిజన్‌ల సాయంతో యురేనియాన్ని కరిగిస్తారు. తరువాత సోడియం హైడ్రాక్సైడు కలిపి, సోడియం డైయురేనేటు రూపంలో పసుపుముద్దగా వేరుచేస్తారు. మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఈ పద్ధతిని అమలుచేయడం ఇదే మొదలు.

భారత యురేనియం సంస్థ ఆధ్వర్యంలో, 1,106 కోట్ల రూపాయల అంచనాతో, ఈ ప్రాజెక్టుకు 2007 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 2012లో కర్మాగారం పని మొదలుపెట్టింది. దాని రూపకల్పన సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం. లెక్క తేలికే. 3,000 టన్నుల నుంచి వచ్చే యురేనియం ఒకటిన్నర టన్నులకు లోపు. తక్కినదంతా, వాడిన రసాయనాల శేషంతో కలిసి, బురదగా బయటికి వస్తుంది. ఏడాదికి 300 రోజులు పనిచేసినా తొమ్మిది లక్షల టన్నులు. ఆ బురదను గొట్టాల ద్వారా కొండల నడుమ కట్ట వేసిన వ్యర్థాల కొలనులోకి పంపుతారు.

ఆ బురదలో ఏముంది? యురేనియం తీసేశాం కనుక ప్రమాదం కూడా పోయిందని అనుకోవడం సహజం. నిజానికి ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థంలోనే మిగులుతుంది. యురేనియం క్రమంగా క్షయమై కోట్ల సంవత్సరాలుగా పోగుచేసిన థోరియం-230, రేడియం-226 వంటివి శుద్ధిలో బయటికి పోవు. రేడియం-226 అర్ధాయువు 1,600 సంవత్సరాలు. థోరియం-230 అర్ధాయువు సుమారు 75,000 సంవత్సరాలు. రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతూనే ఉంటుంది. రాయిగా భూమి లోపల ఉన్నప్పుడు కదలనివి, పొడిగా, తడిగా, గాలికీ నీటికీ అందేలా పైకి వచ్చాయి. ప్రకృతిలో ముందునుంచీ ఉన్నదే కదా అనే వాదనకు ఇదే జవాబు. ఉండటం వేరు, కదలడం వేరు.

క్షార పద్ధతికి మరో లక్షణం ఉంది. కార్బొనేటు ఎక్కువగా ఉన్న క్షార జలంలో యురేనియం, కార్బొనేటుతో కలిసి కరిగే సంయోగాలుగా మారుతుంది. అలాంటి సంయోగాలు మట్టి రేణువులకు అంతగా అంటుకోవు, నీటితోపాటు ప్రయాణిస్తాయి. కరిగించడానికి కర్మాగారం లోపల ఏ గుణాన్ని వాడుకున్నారో, ఊట ఏర్పడితే అదే గుణం కర్మాగారం బయట కూడా పనిచేస్తుంది. కనుక తుమ్మలపల్లె విషయంలో కొలను అడుగున ఏం పరిచారు అనేది చిన్న సాంకేతిక వివరం కాదు. ప్రాజెక్టు భద్రత సగానికి సగం దాని మీదే ఉంది.

3. చెరువు అనే మాట:

అధికార పత్రాల్లోనూ, పత్రికల్లోనూ వ్యర్థాల కొలనును 'టెయిలింగ్ పాండ్' అంటారు. స్థానిక వాడుకలో అది 'పాండ్' అయింది. కొన్ని వార్తల్లో 'వ్యర్థాల చెరువు' అనీ కనబడుతుంది. ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. చెరువు అనే మాటకు కడప జిల్లాలో బరువైన చరిత్ర ఉంది. ఇదే జిల్లాలోని పోరుమామిళ్లలో, విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూర క్రీ.శ. 1369లో వేయించిన చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది పేర్కొంటుంది. ఆ ఆరింటిలో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. మరొకటి చవిటి నేల.

ఆరున్నర శతాబ్దాల నాటి ఈ రెండు దోషాలే నేడు తుమ్మలపల్లె పరిసర గ్రామాల రైతుల ఫిర్యాదుల్లో ప్రధానాంశాలు. కొలను నుంచి నీరు ఊరుతోందని ఒక ఫిర్యాదు, నేల చౌడు తేలుతోందని మరొకటి. శాసనానికీ కర్మాగారానికీ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. ఈ నేల మీద నీరు నిలిపే విద్యకు స్థానికంగా ఒక ప్రమాణం ఉందనీ, దాన్ని మరచి రైతు మాటను 'శాస్త్రీయ అవగాహన లేనిది' అనడం కుదరదనీ చెప్పడమే ఉద్దేశం. ఇంకొక పోలిక కూడా తోస్తుంది. పోరుమామిళ్ల చెరువు తవ్వి సుమారు 650 ఏళ్లు అయింది. కొలనులోని రేడియం సగానికి తగ్గాలంటే దానికి రెట్టింపు కన్న ఎక్కువ కాలం పడుతుంది. అంతకాలం కట్టను కాపాడే సంస్థ ఏది? గని ఆయుష్షు కొన్ని దశాబ్దాలే. చెరువుకు ఆయకట్టు ఉంటుంది, దాన్ని నమ్ముకున్న ఊరు దాన్ని కాపాడుకుంటుంది. వ్యర్థాల కొలనుకు ఆయకట్టు లేదు, కనుక దాన్ని కాపాడుకోవాలనే ఆసక్తి గని మూతపడిన నాటి నుంచి ఎవరికీ ఉండదు.

4. రైతు అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు:

తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, రాచకుంటపల్లె గ్రామాలు గనికీ కర్మాగారానికీ భూములిచ్చిన ఊళ్లు. వ్యర్థాల కొలనుకు దిగువన కనంపల్లె, కె.కె. కొట్టాల ఉన్నాయి. పులివెందుల ప్రాంతం వర్షాభావానికి పెట్టింది పేరు. అయినా బోరుబావుల మీద, తరువాత బిందు సేద్యం మీద ఆధారపడి అరటి, చీనీ తోటలు ఇక్కడ బాగా పెరిగాయి. వెయ్యి అడుగుల లోతుకు పోయి నీరు తెచ్చుకున్న రైతుకు ఆ నీటి రుచి, రంగు, నురగ, పైరు మీద దాని ప్రభావం ఏ ప్రయోగశాల కన్న ముందే తెలుస్తాయి. కర్మాగారం నడవడం మొదలైన కొన్నేళ్లకు బోరు నీళ్లు మారాయనీ, అరటి మొక్కలు ఎదగక ఎండిపోతున్నాయనీ, నేల మీద తెల్లని పొర తేలుతోందనీ, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ రైతులు చెప్పడం మొదలుపెట్టారు. 2018 నాటికి ఈ ఫిర్యాదులు కాలుష్య నియంత్రణ మండలి దాకా, పత్రికల దాకా వెళ్లాయి. మానవ హక్కుల వేదిక వంటి సంఘాలు గ్రామాల్లో పర్యటించి నివేదించాయి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పనిచేసి విశ్రాంతి పొందిన శాస్త్రవేత్త కె. బాబూరావు, కొలను అడుగున అనుమతి పత్రం కోరిన ప్లాస్టిక్ పొర వేయలేదన్న విషయాన్ని పదేపదే ఎత్తిచూపారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది, నిపుణుల పరిశీలన కూడా జరిగింది.

కొలను నేలపై దట్టించిన బంకమన్ను చాలినంత రక్షణ అనేది సంస్థ వైఖరి. భూగర్భ జలంలో కనిపించే యురేనియం ఈ శిలల్లో సహజంగా ఉండేదేనన్నది రెండో వాదన. ఈ రెండో వాదనలో కొంత నిజం లేకపోలేదు. యురేనియం గల రాళ్ల మధ్య నిలిచే నీటిలో యురేనియం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. ఏదైనా బోరులో ఈ హద్దు దాటితే అది ప్రకృతి చేసిందా, కొలను చేసిందా అని తేల్చడానికి ఒకే మార్గం ఉంది. కర్మాగారం రాకముందు ఆ బోరులో ఎంత ఉండేది, వచ్చాక ఏటేటా ఎలా మారింది అన్న కొలతల వరుస కావాలి. ఆ వరుస తమ చేతిలో ఉన్నవారు దాన్ని గ్రామాల ముందు పెట్టనంత వరకు 'ఇది సహజమే' అన్న వాక్యం నిరూపణ కాదు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం మరొకటి ఉంది. ఈ వివాదంపై వచ్చిన రాతల్లో అది దాదాపుగా మరుగున పడింది. రైతు చెప్పింది అరటి ఎండిపోతోందని, నేల చౌడు తేలుతోందని. దీనికి తరచుగా వచ్చే జవాబు: రేడియేషన్ పరిమితుల్లోనే ఉంది. జవాబు నిజమే కావచ్చు. కానీ అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. క్షార పద్ధతిలో కర్మాగారం వాడేదీ, వదిలేదీ ప్రధానంగా సోడియం లవణాలు. సాగునీటిలో కాల్షియం, మెగ్నీషియంల కన్న సోడియం పాలు పెరిగితే బంకమన్ను రేణువులు విడిపోయి, నేల రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకదు, ఎండితే నేల పెళుసై గట్టిపడుతుంది. రాయలసీమ రైతు దీన్నే చౌడు అంటాడు. అరటి లవణాలను ఓర్చుకోలేని పంట. రేడియేషన్ కొలిచే యంత్రం పూర్తిగా మౌనంగా ఉన్న పొలంలో కూడా సోడియం వల్ల అరటితోట చావగలదు. కనుక పరీక్షించవలసింది ముందు నీటి విద్యుద్వాహకత, ఉదజని సూచిక, సోడియం అధిశోషణ నిష్పత్తి. ఇవి ఏ డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగంలోనైనా, ఏ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనైనా కొలవదగినవి. ఇందుకు అణుశక్తి విభాగం అనుమతి అక్కరలేదు, రహస్యం అనే తెర కూడా ఉండదు.

ఉద్యమం వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. గ్రామంలో కనిపించిన ప్రతి కాన్సరును, ప్రతి గర్భస్రావాన్ని కొలనుకు ముడిపెట్టి రాసే కథనాలు ప్రజల పక్షాన ఉన్నట్టే కనిపిస్తాయి గాని, ఒక సర్వే వాటిని కొట్టిపారేసిన రోజున వాటితోపాటు నిజమైన ఫిర్యాదు కూడా కొట్టుకుపోతుంది. యురేనియం శరీరంలో మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను, అది రేడియేషన్ వల్ల కన్న రసాయన విషగుణం వల్ల. కనుక ఈ గ్రామాల్లో కొలవవలసింది ఏమిటో స్పష్టంగానే ఉంది: తాగునీటిలో యురేనియం, మనుషుల్లో మూత్రపిండాల పనితీరు. భయాన్ని పెంచడం కన్న ప్రశ్నను పదును పెట్టడమే గ్రామానికి మేలు.

5. నల్లగొండలో ఆగింది, కడపలో ఎందుకు ఆగలేదు?

తెలుగు నేల మీద యురేనియం వ్యతిరేకత కడపతో మొదలు కాలేదు. నాగార్జునసాగర్ సమీపాన అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదనను ఆచార్య కె. పురుషోత్తం రెడ్డి వంటివారి నాయకత్వంలో ప్రజలు వ్యతిరేకించారు, అది వెనక్కి పోయింది. తరువాత నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు గని ప్రతిపాదనపై 2003 ఆగస్టులో జరిగిన బహిరంగ విచారణలో గ్రామస్థులు, హైదరాబాదు నుంచి వెళ్లిన మేధావులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. శుద్ధి కర్మాగారాన్ని మల్లాపురం నుంచి శేరిపల్లికి మార్చి చూశారు, అయినా గని తెరుచుకోలేదు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకోగానే చెంచుల నుంచి సినీనటుల దాకా గొంతు కలిపారు. అదే ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది.

ఈ రెండు చోట్లా ప్రతిపాదన ఆగింది. కడపలో గని తెరుచుకుంది. కడప రైతుకు ధైర్యం తక్కువా? కాదు. తేడా ఊరి లోపల లేదు, ఊరి వెలుపల ఉంది. లంబాపూర్ గనికి దిగువన నాగార్జునసాగర్ జలాశయం ఉంది, హైదరాబాదు తాగునీరు ఉంది. రాజధాని దాహం ఆ గని అంచున ఉన్నందువల్ల ఆ వ్యతిరేకతకు రాజధాని గొంతు తోడైంది. నల్లమలలో పులి ఉంది, అడవి హక్కుల చట్టం ఉంది, అయిదవ షెడ్యూలు ఉంది. తుమ్మలపల్లె దిగువన రాజధాని లేదు, గని అంచున పులి లేదు. ఉన్నది మెట్ట పొలాలు, బోరుబావులు, కరవుతో విసిగిన సామాన్య రైతు కులాలు, దళితులు. షెడ్యూల్డు ప్రాంతం కాదు కనుక సమతా తీర్పు ఇచ్చిన రక్షణ ఇక్కడ వర్తించదు.

మరో కారణం ఈ నేల పాత అనుభవం. పులివెందుల ప్రాంతంలో రాతినార, వేముల వైపు ముగ్గురాయి తరతరాలుగా తవ్వుతున్నారు. గని అంటే కూలి దొరికే చోటు అన్న భావం ఇక్కడ కొత్తది కాదు. అందులోనూ ఇది రాష్ట్ర ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలో, ఆయన పదవిలో ఉండగానే వచ్చిన ప్రాజెక్టు. 2006లో బహిరంగ విచారణ జరిగినప్పుడు గ్రామాల్లో అభ్యంతరాలు లేవని కాదు. ఆ పరిస్థితుల్లో బహిరంగంగా 'వద్దు' అనడానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో రాయలసీమ రాజకీయాలు తెలిసినవారికి వివరించనక్కరలేదు. భూమి ఇచ్చిన కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న హామీ కూడా వ్యతిరేకతను చీల్చింది. నేటికీ గ్రామాల్లో జరిగే ఆందోళనల్లో సగం ఉద్యోగాల కోసం, పరిహారం కోసం, పునరావాసం కోసం. దీన్ని చూపి 'వీళ్లు గనిని వ్యతిరేకించడం లేదు, బేరమాడుతున్నారు' అనేవారున్నారు. గని తెరుచుకున్న తరువాత, నీరు పాడయిందని నమ్ముతున్న ఊరు ఏమి అడగగలదు? వెళ్లిపోవడానికి దారి అడుగుతుంది, ఉండిపోతే బతకడానికి పని అడుగుతుంది. అది లొంగుబాటు కాదు, ఆ దశలో వ్యతిరేకత తీసుకునే రూపం.

ఈ వాదనకు ఇటీవలి ఉదాహరణ కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ల. ఒకప్పుడు ముఠా కక్షలకు పేరుపడిన ఊరది. 2024లో అక్కడి అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న వార్త రాగానే ఆ ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ పార్టీలు పక్కనపెట్టి రోడ్డెక్కాయి. తవ్వకాలు జరగవని జిల్లా యంత్రాంగం ప్రకటించవలసి వచ్చింది. వాళ్లకు రాజధాని తోడు లేదు, పులి తోడు లేదు. కాని తుమ్మలపల్లెకు లేనిది వాళ్లకు ఒకటుంది: ముందే చూసిన తుమ్మలపల్లె. కడప గ్రామాల అనుభవం జిల్లా దాటి వెళ్లి మరో జిల్లా కళ్లు తెరిపించింది. దిగువ స్థాయి ఉద్యమాల ఫలితాన్ని గని ఆగిందా లేదా అన్న ఒక్క కొలబద్దతో కొలిచే మన అలవాటును ఇది ప్రశ్నిస్తుంది.

6. అడిగే చోటు తగ్గిపోతున్న వేళ:

2025–26 కేంద్ర బడ్జెట్‌లో 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు అన్న లక్ష్యాన్ని, చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలను ప్రకటించారు. నేటి సామర్థ్యం తొమ్మిది గిగావాట్ల లోపే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం, 1962 నాటి అణుశక్తి చట్టాన్ని, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టాన్ని తొలగించి ఈ రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. వీటి గురించి కొంతైనా చర్చ జరిగింది. ఎక్కువ చర్చ లేకుండా జరిగిపోయిన మార్పు, గ్రామాల దృష్టిలో వీటన్నిటికన్న పెద్దది, అంతకు మూడు నెలల ముందే వచ్చింది. 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జారీచేసిన పత్రం, అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులను బహిరంగ విచారణ నుంచి మినహాయించింది.

బహిరంగ విచారణ గొప్పగా జరిగేదని ఎవరూ అనరు. పర్యావరణ ప్రభావ నివేదిక వందల పేజీల ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో తప్పనిసరిగా ఇవ్వవలసింది దాని సారాంశం మాత్రమే. షామియానాలు, పోలీసు బందోబస్తు, ముందే సిద్ధం చేసిన మద్దతుదారులు అందరికీ అనుభవమే. అయినా ఒక రైతు లేచి నిలబడి తన ఊరి పేరు చెప్పి, 'మా బోర్ల సంగతేమిటి?' అని అడిగితే ఆ ప్రశ్న విచారణ నమోదులోకి ఎక్కేది, దానికి జవాబు ఇవ్వవలసిన బాధ్యత ప్రాజెక్టుపై పడేది. లంబాపూర్ విషయంలో 2003 నాటి విచారణే ఉద్యమానికి ఆధార పత్రమైంది. తుమ్మలపల్లెలో ప్లాస్టిక్ పొర గురించి ఈనాడు అడగగలుగుతున్నామంటే అనుమతి ప్రక్రియ వదిలిన కాగితం మిగిలి ఉండటం వల్లనే. ఆ కాగితమే పుట్టని చోట రేపటి ఊరు దేన్ని చూపి అడుగుతుంది?

బొగ్గు కన్న అణువిద్యుత్తు నయం కదా అన్న ప్రశ్న ఇక్కడ రాక తప్పదు. కర్బన ఉద్గారాల లెక్కలో అది నయమే. ఎర్రగుంట్ల మండలంలోని రాయలసీమ తాప విద్యుత్ కేంద్రపు బూడిదను చూసిన జిల్లాకు బొగ్గు మీద ప్రేమేమీ లేదు. అయితే అదే జిల్లా జమ్మలమడుగు వైపు మైలవరంలో 1,000 మెగావాట్ల సౌర ఉద్యానం ప్రతిపాదనకూ చోటిచ్చింది. అమెరికాలోని వోగ్ట్‌ల్‌లో కొవ్వాడకు ప్రతిపాదించిన రకం రియాక్టర్లే రెండు, ఏళ్ల తరబడి ఆలస్యమై, 3,000 కోట్ల డాలర్లకు మించిన ఖర్చుతో 2023, 2024ల్లో పూర్తయ్యాయి. ఆ ధరకు వచ్చే విద్యుత్తును ఎవరు కొంటారని కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు అడుగుతూ వచ్చారు. వాతావరణ మార్పు పేరుతో వచ్చే ప్రతి ప్రాజెక్టుకూ ఊరి అంగీకారం అక్కరలేదనే తీర్మానం ఆ వాదన నుంచి రాదు. సౌర ఉద్యానాలకు పోయిన మెట్ట భూములకూ ఇదే వర్తిస్తుంది, ఆ చర్చ వేరు.

7. పరిశోధకులు చేయదగిన పని:

వేంపల్లె దాటిన పాపఘ్ని వీరపునాయునిపల్లె మండలం మీదుగా సాగి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. వేముల, వేంపల్లె ప్రాంతపు వంకలు ఈ పరీవాహకంలోనివే. వీరపునాయునిపల్లె మండలంలో ఈనాడు యురేనియం వివాదం లేదు. సరిగ్గా అందువల్లనే అక్కడి బావుల నీటిని ఇప్పుడు కొలవాలి. కనంపల్లె రైతు ఎదుర్కొన్న చిక్కు ఇదే: తన నీరు మారిందని చెప్పగలిగాడు గాని, మారకముందు ఎలా ఉండేదో చూపే కాగితం ఆయన చేతిలో లేదు. ఆ కాగితం సంస్థ దగ్గరే ఉండిపోయింది. రాబోయే విస్తరణలో ఆ చిక్కు దిగువ మండలాలకు రాకుండా చూడటం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కడప కళాశాలలకు, యోగి వేమన విశ్వవిద్యాలయానికి అందుబాటులో ఉన్న పనే.

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఊరికి అయిదారు బోర్లను ఎంచుకుని, వానలకు ముందొకసారి, వానల తరువాత ఒకసారి, ఏటా అవే బోర్ల నీటిని తీయాలి. విద్యుద్వాహకత, ఉదజని సూచిక, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు, సల్ఫేటులను కళాశాలలోనే కొలిచి, యురేనియం పరీక్షకు మాత్రం నమూనాలను గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. బోరు లోతు, తవ్విన సంవత్సరం, పైన ఉన్న పంట రాసుకోవాలి. సామాజికశాస్త్ర, తెలుగు శాఖల విద్యార్థులు ఆ రైతు తన నీటి గురించి వాడే మాటలనే, మన పరిభాషలోకి మార్చకుండా, ఆ పట్టిక పక్క గడిలో నమోదు చేయాలి. చవుడు, ఉప్పన, సున్నం తేలడం, నురగ కట్టడం అనేవి ఒక్కొక్కటి ఒక్కొక్క రసాయన స్థితిని సూచించే మాటలు కావచ్చు. వాటికీ అంకెలకూ పొంతన కుదురుతుందో లేదో చూడటమే ఒక మంచి పరిశోధనాంశం. ఫలితాలను ముందు ఆ బోరు యజమానికి, తెలుగులో, తేదీతో, సంతకంతో ఇవ్వాలి. ఒక ప్రతి గ్రామ పంచాయతీ దస్త్రంలో ఉండాలి. పరిశోధన పత్రిక వంతు ఆ తరువాత.